మీరడిగింది ఏ గ్రనాడా?

రాత్రి పదిన్నర. మాడ్రిడ్ నుంచి ఐదు గంటలు బస్సులో కూర్చుని గ్రనాడాలో దిగా. హోటల్‌కి దారి చూద్దామని ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే మధ్యలో అట్లాంటిక్ మహాసముద్రం! నేను గది బుక్ చేసింది స్పెయిన్ గ్రనాడాలో కాదు, నికరాగ్వా గ్రనాడాలో. పేరు టైప్ చేశా, కేథడ్రల్ దగ్గరే అని ఉంది, చవగ్గా ఉంది, నొక్కేశా. రెండు ఊళ్లలోనూ కేథడ్రల్ ఉందని నాకేం తెలుసు? ఆఫీసులో మాత్రం 'పేరుని ప్రైమరీ కీగా వాడొద్దు' అని జూనియర్లకి క్లాసు పీకుతుంటా. కట్టిన డబ్బు వెనక్కి రాదు. అల్‌హంబ్రా కోట టికెట్ మాత్రం ఈ ఊరిదే, పాస్‌పోర్ట్ నంబరుతో సహా. అదొక్కటే ఊరట.

దొరికిన లాడ్జిలో పడుకుని పొద్దున్నే బయటికొచ్చా. పళ్ల కొట్టు బోర్డుకి ట్రాన్స్‌లేటర్ కెమెరా పెడితే 'గ్రెనేడ్, కిలో 3 యూరోలు' అంది! తప్పు యాప్‌ది కాదులెండి. స్పానిష్‌లో గ్రనాడా అంటే దానిమ్మపండు. చేత్తో విసిరే బాంబుదీ అదే పేరు. దానిమ్మలా గుండ్రంగా, లోపల గింజల్లా మందు కూరి ఉండేది కదా, అందుకు.

ఊళ్లో ఎటు చూసినా దానిమ్మలే. రోడ్డు పక్క ఇనుప స్తంభాల మీద, వీధి పేర్ల పలకల మీద... అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే, "పండు పేరు ఊరికి పెట్టుకోవడం వింతేంట్రా? మనకి మామిడికుదురు లేదూ?" అంది.

కానీ అసలు మెలిక ఏంటంటే, ఈ ఊరి పేరు పండు నుంచి వచ్చింది కాదు. ముస్లిం రాజుల కాలంలో ఇది గర్నాతా. ఆ మాటకి అర్థమేంటన్న దాని మీద పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. 1492 జనవరి 2న చివరి సుల్తాను బోయబ్దిల్ కోట తాళాలు ఇసబెల్లా, ఫెర్డినాండ్‌ల చేతికిచ్చాడు. గెలిచినవాళ్ల చెవికి ఆ పేరు పండులాగే వినపడింది. రాజచిహ్నం అడుగున ఓ దానిమ్మని చేర్చేశారు. స్పెయిన్ చిహ్నంలో అది ఇప్పటికీ ఉంది. ఓడిపోయిన రాజ్యం గుర్తు కోసం నేను కోటంతా వెతికా, గోడల నిండా అరబిక్ అక్షరాలే. బయటికొస్తే మళ్లీ దానిమ్మలు.

అదే ఏడు కొలంబస్ ఓడెక్కాడు. ఆ వెనకే ఊళ్ల పేర్లూ ఎక్కాయి. 1524లో నికరాగ్వా గ్రనాడాని కట్టించినాయన పేరు ఫ్రాన్సిస్కో ఎర్నాందెస్ దె కోర్దోబా. ఆయన పేరులోనూ ఇంకో స్పెయిన్ ఊరుంది! ఇప్పుడు నికరాగ్వా కరెన్సీ పేరు కోర్దోబా. అంటే నేను పోగొట్టుకున్నది కూడా ఓ ఊరి పేరున్న డబ్బే అన్నమాట. కొలంబియా ఒకప్పుడు న్యూ గ్రనాడా. క్రికెట్ చూసేవాళ్లకి తెలిసిన వెస్టిండీస్ దీవి గ్రెనడా సరేసరి.

సాయంత్రం కూల్‌డ్రింక్ చెబితే పక్కన తినడానికి ఓ చిన్న ప్లేటు ఉచితంగా పెట్టారు, ఈ ఊళ్లో అది మామూలేనట. తింటుంటే నికరాగ్వా నుంచి మెయిల్: 'మీ గది సిద్ధంగా ఉంది. ఎంత దూరంలో ఉన్నారు?'