అవీర్‌లో మార్కెట్టూ, జైలూ

దుబాయిలో మనకు అవీర్ అంటే కూరగాయల మార్కెట్టు. సెంట్రల్ జైలు ఉన్నదీ ఆ అవీర్‌లోనే. ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో సిరిసిల్ల ప్రాంతపు కూలీలు ఐదుగురు ఏళ్ళ తరబడి అందులో ఉన్నారు. ఇక్కడి చట్టంలో హతుని వారసులు క్షమిస్తే మరణశిక్ష తప్పుతుంది గాని, ఖైదు మిగలవచ్చు. 2011లో కె. తారక రామారావుగారు నేపాల్ వెళ్ళి ఆ కుటుంబానికి 15 లక్షల రూపాయలు అందజేశారు. అయినా వారిలో ఇద్దరు ఇల్లు చేరింది 2024 ఫిబ్రవరిలో, సుమారు 18 ఏళ్ళకు.

జైలు ఉద్దేశం మనిషిని బాగుచేయడం అంటారు. విదేశీయుణ్ణి మాత్రం సాధారణంగా విడుదల కాగానే విమానం ఎక్కిస్తారు. ఆ తర్వాత బాగోగులు అడిగేవారుండరు. ముప్పైలో లోపలికి వెళ్ళినవాడు బి.పి., షుగరు వచ్చే వయసులో బయటికొస్తాడు. సెలవులకు వెళ్ళినప్పుడు మీ ఊళ్ళో అలాంటివారుంటే పలకరించండి. రక్తపరీక్ష చేయించండి, చేతనైతే ఏదైనా పని చూపించండి.