వాన రాకపోయినా ఉండే సంతోషం



మన సీమలో ఎవరినైనా "సంతోషంగా ఉన్నారా?" అని అడిగి చూడండి. "వాన పడితే సంతోషమే గదా అయ్యగారూ" అంటారు. ఆ మాటలో తప్పు లేదు. ఎర్రనేలలో వేరుశనగ విత్తి మబ్బుకేసి చూస్తున్న మనిషికి వేరే జవాబు ఎక్కడిది? కానీ వాన బాగా పడిన ఏళ్లు కూడా గుర్తు చేసుకోండి. పత్తికొండలో టమోటా రోడ్డు మీద పారబోసిన రోజులు చూశాం. కర్నూలు యార్డుకు తోలిన ఉల్లిగడ్డ బండి బాడుగకు కూడా చాలని రోజులూ చూశాం. వాన మీద పెట్టుకున్న సంతోషం వాన రాగానే ధర మీదికి పోతుంది. ధర వస్తే అప్పు మీదికి, అప్పు తీరితే కూతురి పెళ్లి మీదికి, పెళ్లయితే కొడుకు వీసా మీదికి. రాయచోటి, రాజంపేట వైపు కువైట్ డబ్బుతో కట్టిన మిద్దెలు ఉన్నాయి. కొన్నింట్లో అవ్వ ఒక్కతే ఉంటుంది. మిద్దె కట్టించిన తల్లి అక్కడ ఎవరి ఇంట్లోనో వంట చేస్తూ ఉంటుంది. ఫోనులో "అంతా బాగుంది" అని ఒకరికొకరు చెప్పుకుంటారు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనం వాగ్దాన కార్డులు తీసుకుంటాం. ఇది మంచి అలవాటే, నేనూ పంచుతాను. ఒక ఏడాది ఒక సహోదరునికి ఆదికాండము 26వ అధ్యాయం 12వ వచనం వచ్చింది. ఇస్సాకు విత్తనం వేసి నూరంతల ఫలం పొందిన మాట. ఆయన ఆ కార్డును దేవుని సంతకంగా తీసుకున్నాడు. వడ్డీకి తెచ్చి రెండు బోర్లు వేయించాడు. రెండోది 800 అడుగులు పోయింది. దుమ్ము తప్ప తడి రాలేదు. మార్చి నెలలో కార్డు జేబులో పెట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. "ఇది దేవుడు ఇచ్చిన కార్డే గదా అయ్యగారూ. మాట తప్పినాడా?" అన్నాడు.

నేను ఆయనకు ప్రసంగం చేయలేదు. ఇద్దరం కూర్చొని ఆ అధ్యాయం మొదటి వచనం నుండి చదివాం. మీరూ ఒకసారి తీసి చూడండి. అది కరువుతో మొదలవుతుంది. నూరంతల పంట వచ్చింది నిజమే. ఆ వెంటనే ఏమయింది? ఇరుగుపొరుగుకు కన్ను కుట్టింది. తండ్రి కాలంలో తవ్విన బావులను మట్టితో పూడ్చారు. రాజు అతణ్ణి ఊరు విడిచి పొమ్మన్నాడు. లోయలోకి పోయి తవ్వితే ఊట పడింది, ఆ నీళ్లు మావే అని గెరారు కాపరులు తగాదాకు వచ్చారు. దానికి ఏశెకు అని పేరు పెట్టాడు, జగడం అని అర్థం. ఇంకొకటి తవ్వితే దానికీ తగాదా. అది శిత్నా, పగ అని అర్థం. మూడోదానికి ఎవరూ రాలేదు. అప్పుడు రహెబోతు అన్నాడు, ఎడం దొరికింది అని. నూరంతల వచనం మన ఇళ్ల గోడల మీద, ఆటోల వెనుక కనిపిస్తుంది. ఏశెకు అనే పేరు ఏ గోడ మీదా నేను చూడలేదు.

మన కర్నూలు, కడప జిల్లాల్లో ఈ అధ్యాయం చదవడం వేరు, వేరేచోట చదవడం వేరు. ఇక్కడ గట్టు కోసం, బావి వంతు కోసం మొదలైన మాటలు తరాల పగలుగా మారాయి. ఫ్యాక్షన్‌లో ఎన్ని ఇళ్లు దీపం లేకుండా పోయాయో మన పెద్దలకు తెలుసు. ఇస్సాకు మన ఊళ్లో ఉండి ఉంటే ఏమనేవాళ్లం? "పౌరుషం లేనోడు, రెండు బావులు ఇడిసిపెట్టి పోయినాడు" అనేవాళ్లం. అయితే చివర ఎవరు ఎవరి దగ్గరికి వచ్చారు? ఊరు విడిచి పొమ్మన్న రాజే సేనాధిపతిని వెంటబెట్టుకొని వచ్చి, యెహోవా నీకు తోడుగా ఉండడం మేము చూశాం అన్నాడు. వాళ్లు చూసింది ఏ దర్శనమో కాదు. తన చేతి కష్టంతో పడిన నీళ్లను విడిచి, పగ వెంట తీసుకుపోని మనిషిని చూశారు. ఇస్సాకు వాళ్లకు విందు చేసి సమాధానంతో పంపాడు. ఆ దినమే సేవకులు వచ్చి, నీళ్లు పడ్డాయని చెప్పారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన సంఘాల్లో చాలామందివి సర్కారు ఇచ్చిన పట్టా భూములు, ఎకరా, రెండెకరాలు. బలవంతుడు వచ్చి అది ఆక్రమిస్తే నోరు మూసుకొని పొమ్మని ఈ అధ్యాయం చెప్పడం లేదు. ఎమ్మార్వో ఆఫీసుకు పోండి, కాగితం పెట్టండి, కావాలంటే నేనూ వస్తాను. పౌలును చూడండి. ఫిలిప్పీలో కొట్టి బొండలో కాళ్లు బిగిస్తే అర్ధరాత్రి పాటలు పాడాడు. తెల్లవారి రహస్యంగా పొమ్మంటే పోలేదు. రోమా పౌరుణ్ణి విచారణ లేకుండా కొట్టారు, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకుపోవాలి అన్నాడు. హక్కు అడగడమూ పాట పాడడమూ ఒకే మనిషిలో ఉన్నాయి. హక్కు అడిగేటప్పుడు ఆయన కడుపులో పగ లేదు, అంతే తేడా.

ఆ ఫిలిప్పీ సంఘానికే పౌలు తరువాత బంధకాలలో నుండి ఉత్తరం రాశాడు. ఆనందించమని మళ్లీ మళ్లీ రాసింది అందులోనే. నాలుగో అధ్యాయంలో ఒక చిన్న మాట ఉంది. ఏ స్థితిలో ఉన్నా తృప్తిగా ఉండడం నేర్చుకున్నాను అంటాడు. నేర్చుకున్నాను అన్నాడు గానీ, నాకు ఒక రాత్రి వచ్చేసింది అనలేదు. గలతీయులకు రాసినప్పుడు సంతోషాన్ని ఆత్మ ఫలంలో ప్రేమ తరువాత రెండోదిగా పెట్టాడు. ఫలం అంటే చీనీ తోట ఉన్నవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. నాటిన ఏడాదే కాయ రాదు. నాలుగైదేళ్లు నీళ్లు కట్టాలి, పాదులు తీయాలి, చీడ చూసుకోవాలి. ఆ ఏళ్లన్నీ చెట్టు ఊరికే నిలబడి ఉన్నట్టే కనిపిస్తుంది.

ఆ సహోదరుని సంగతికి వస్తాను. ఆయన రెండు బోర్లు వేయడానికి కారణం కార్డు ఒక్కటే కాదు. అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడి బోరు ఒకటి ఉంది. వంతుల దగ్గర మాట పట్టింపు వచ్చి ఆరేళ్లుగా మాటలు లేవు. "వాని నీళ్లు నాకెందుకు" అని వేసినవి ఆ బోర్లు. శిత్నా అర్థం చదివిన తరువాత ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంటికి పోయినాడు. ఈస్టరు దాటిన తరువాత ఒకనాడు అన్న ఇంటికి పోయి, "అన్నా, వంతు నీ ఇష్టం" అన్నాడట. వదిన మజ్జిగ ఇచ్చిందట. బోర్ల అప్పు ఇంకా ఉంది, వడ్డీ పెరుగుతూనే ఉంది, ఎండిపోయిన బోర్లు ఎండిపోయినట్టే ఉన్నాయి. కానీ రాత్రిళ్లు నిద్ర పడుతోంది అని నాతో చెప్పినాడు. ఆ కార్డు ఇప్పటికీ ఆయన బైబిల్లో 26వ అధ్యాయం దగ్గరే ఉంది.

మన సంఘాలు ఎలా నిలబడ్డాయో పిల్లలకు చెప్పడం తగ్గిపోయింది. 1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలైన కరువు 1878 దాకా మన జిల్లాలను, బళ్లారిని పీల్చి పిప్పి చేసింది. సర్కారు కరువు పనుల్లో సర్ రిచర్డ్ టెంపుల్ కాలంలో ఒక మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా కూలి. పౌను అంటే 450 గ్రాములు. రోజంతా రాళ్లు కొట్టినవానికి అది. లండన్ మిషన్ వాళ్లు కడప వైపు, ఎస్.పి.జి. మిషన్ వాళ్లు ముత్యాలపాడు, నంద్యాల వైపు అప్పటికే పని చేస్తున్నారు. ఆ కాలంలో సంఘంలో చేరిన మాల మాదిగలను గంజి కోసం చేరారు అని ఎగతాళి చేసినవాళ్లున్నారు, ఇప్పుడూ చేస్తారు. ఆకలి సిగ్గుపడాల్సిన సంగతి కాదు. రొట్టె కోసం వెతుక్కుంటూ వచ్చినవాళ్లతో యేసు ప్రభువు కూడా కూర్చొని మాట్లాడాడు. ఇంకొక సంగతి ఏమంటే, గంజి 1878తో అయిపోయింది, సంఘం అయిపోలేదు. కరువు పోయిన తరువాత కూడా వాళ్లు వచ్చి కూర్చున్నారు, అక్షరాలు దిద్దారు, పిల్లలకు దిద్దించారు.

వాళ్లకున్న ఒక అలవాటు పిడికిలి. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు తల్లి ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేసేది. తెలుగు సంఘాలన్నిటిలో పిడికిలి బియ్యం అంటారు. మన సీమలో బియ్యం పండగనాటి మాట, ఇక్కడ జొన్నలో కొర్రలో వేసేవారని మా పెద్దలు చెప్పేవారు. 1912లో దోర్నకల్‌కు బిషప్ అయిన అజరయ్యగారు ఈ ఇవ్వడం గురించి, మారిన నడవడిక గురించి ఎంతో పట్టుబట్టారు. నంద్యాల వైపు సంఘాలు కూడా తరువాత ఆయన పర్యవేక్షణలోకి వచ్చాయి. ఆ మేత్రాసనంలో పై కులాలవాళ్లు కొందరు ప్రభువు వైపు తిరిగింది, తమ పొలాల్లో పనిచేసే మాల మాదిగ క్రైస్తవుల బతుకులో వచ్చిన మార్పు చూసి. చదువుకున్నవాళ్ల వాదనకు కాదు. ఉన్నదాంట్లో పిడికెడు తీసి పక్కన పెట్టగలిగిన మనిషికి తన దగ్గర ఉన్నది చాలు అని ఒక లోపలి లెక్క ఉంటుంది. కరువు ఆ లెక్కను తీసుకుపోలేదు.

దీన్ని తప్పుగా పట్టుకోవద్దు. సంతోషం అంటే ఏడవకుండా ఉండడం కాదు. హబక్కూకు మూడో అధ్యాయం చివర చదివితే మన పంట నష్టం జాబితా చదివినట్టే ఉంటుంది. చెట్టు కాయలేదు, చేను పండలేదు, దొడ్డిలో గొర్రె లేదు, కొట్టంలో ఎద్దు లేదు. అయినా దేవునియందు సంతోషిస్తాను అంటాడు. కానీ దానికి ముందు వచనంలోనే తన ఒళ్లు వణికిందని, పెదవులు అదిరాయని రాసుకున్నాడు. వణుకుతూనే ఆ మాట అన్నాడు. అప్పు భారంతో పురుగుల మందు డబ్బా వైపు చూస్తున్న రైతుతో "నీకు విశ్వాసం లేదు" అనవద్దు. అలాంటివారి సమాధి కూడికలు నేను చేశాను. ఆ ఇళ్లలో ఆ మాట ఎంత గాయమో చూశాను. ఆయన పక్కన కూర్చోండి, ఒంటరిగా వదలవద్దు, మందు డబ్బా ఇంట్లో లేకుండా చేయండి, డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు. నాకూ చేయవచ్చు, అర్ధరాత్రి అయినా.

ఎండాకాలం పెన్నలో, పాపాగ్నిలో చెలమ తవ్వి నీళ్లు తెచ్చుకున్న అమ్మలు మన సంఘంలో ఇంకా ఉన్నారు. పైన ఇసుక కాలు కాలిపోతుంది. మోకాలి లోతు తవ్వితే మొదట బురద నీళ్లు వస్తాయి. అవి తోడి పారబోయాలి. మళ్లీ ఊరుతాయి, మళ్లీ తోడాలి. మూడోసారికో నాలుగోసారికో అడుగున ఇసుక రేణువులు కనిపించేంత తేటగా వస్తాయి. తోడేకొద్దీ ఊరుతాయి. ఒక పూట వదిలేస్తే గట్లు జారి పూడిపోతుంది, రేపు మళ్లీ తవ్వుకోవాల్సిందే. ప్రార్థనలో మన సంగతీ అంతే. మొదట వచ్చేది వానిమీద కోపం, వీనిమీద అసూయ, వడ్డీ లెక్క. అది రాగానే ప్రార్థన కుదరడం లేదని లేచిపోతున్నాం. ఇంకొంచెం కూర్చోండి, తోడండి.

వచ్చే బుధవారం కూడికలో ఆదికాండము 26వ అధ్యాయం మొత్తం చదువుతాం. గట్టు తగాదాలు, బోరు వంతుల తగాదాలు ఉన్నవాళ్లు ఇద్దరూ కలిసి రండి. ఒక్కరే వచ్చినా సరే, ఇంకొకరి ఇంటికి కూడిక అయిన తరువాత మనమే పోదాం.