అమ్మ రంగు

కొత్త ఇనప పెనానికి నూనె రాసి, కాల్చి, తుడిచి, మళ్ళీ రాసి దోసెలకి అలవాటు చేస్తాం కదా. నాలుగైదుసార్లయ్యాక దాని మీద నల్లగా, నున్నగా ఒక పొర కడుతుంది. స్టవ్ వెనక టైల్స్ మీద జిగురులా పట్టేసి మనల్ని ఏడిపించే మరకదీ అదే జాతి. ఆయిల్ పెయింటింగ్ మొత్తం ఈ సంగతి మీదే నిలబడి ఉంది. అక్కడ రంగు ఆరడమంటే బట్టలారినట్టు తడి పోవడం కాదు. నూనె గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని, అణువుకి అణువు ముడిపడి, గట్టి పొరగా మారిపోవడం.

డిగ్రీలో కెమిస్ట్రీ చదివినవాళ్ళకి అయొడిన్ వాల్యూ గుర్తుండే ఉంటుంది. కొబ్బరినూనెకి అది 10 దరిదాపుల్లో, వేరుశనగ నూనెకి 90 దగ్గర, అవిసె నూనెకి 170 పైన. ఆ అంకె ఎంత పెద్దదైతే నూనె అంత బాగా గట్టిపడుతుంది. కొబ్బరినూనెతో బొమ్మ వేస్తే ఎన్నేళ్ళకీ ఆరదు. అందుకే పాతకాలం యూరప్ చిత్రకారులు అవిసె నూనెనీ, అక్రోటు నూనెనీ పట్టుకున్నారు. మనం కారప్పొడి కొట్టుకునే అవిసెలే! ఇన్నేళ్ళూ సర్టిఫికెట్ల ఫైల్లో పడి ఉన్న నా బీఎస్సీ, షార్జా ఫ్లాట్లో ఇలా బయటికొచ్చింది.

పాత పద్ధతి అంటే పొరల పద్ధతి. ముందు కాన్వాస్ అంతా పల్చటి మట్టిరంగు పూస్తారు. దాని మీద బొమ్మ గీసి, వెలుగునీడలు మాత్రమే తేల్చుకుంటారు. అది ఆరాక ఒక్కో పల్చటి రంగు, అద్దం మీద అద్దం పెట్టినట్టు. పైకి వెళ్ళేకొద్దీ రంగులో నూనె పాలు పెంచాలి. కింది పొర ఇంకా కదులుతుండగానే పై పొర బిగుసుకుంటే బొమ్మ బీటలు వారుతుంది. మధ్యాహ్నం ఒక గంట కూర్చుని ఒక పొర వేసి, వారం పదిరోజులు దాని జోలికి వెళ్ళకూడదు. ఆ వారంలో పాప పరీక్షలూ, ఇంటికొచ్చే చుట్టాలూ, సెలవుల టికెట్లూ అన్నీ చూసుకోవచ్చు. ఇల్లాలికి ఇంతకంటే అనువైన కళ ఇంకోటి ఉందంటే నేను నమ్మను.

జాగ్రత్తలు మాత్రం వంటింటికంటే ఎక్కువే. అవిసె నూనె అంటిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే, గట్టిపడేటప్పుడు పుట్టే వేడి లోపలే పోగై, వాటంతటవే అంటుకోవచ్చు. ఇక్కడి ఎండల్లో బాల్కనీలో అసలు పెట్టకూడదు. నేను నీళ్ళు పోసిన మూత డబ్బాలో వేస్తాను. కిటికీలు మూసి ఏసీ వేసుకునే ఇంట్లో టర్పెంటైన్ వాసన మంచిది కాదు కాబట్టి బ్రష్షులు కూడా నూనెతో తుడిచి, సబ్బుతో కడుగుతాను. పాతవాళ్ళు వాడిన తెలుపు సీసంతో చేసింది, విషం. పిల్లలున్న ఇంట్లో టైటానియం తెలుపే నయం.

ఇదంతా మా అమ్మ బొమ్మ కోసం. అమ్మ చామనచాయ కంటే ఒక మెట్టు కింద. నలుపని మూడు సంబంధాలు వెనక్కి వెళ్ళాయట. ఆ మాట నవ్వుతూనే చెబుతుంది గానీ, ప్రతిసారీ మూడు అని లెక్క చెబుతుంది. వాళ్ళ పెళ్ళి ఫోటోలో మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు. స్టూడియోవాళ్ళు ముఖం వరకు తెల్లగా దిద్దిచ్చారు. నేను పుట్టాక చుట్టాలందరూ మొదట అడిగింది కూడా రంగే.

మొదటి పొర అయ్యాక వీడియో కాల్‌లో చూపించాను. "ఏంటే, పీనుగులా వేశావు?" అంది. ఆశ్చర్యమేమిటంటే డచ్చి చిత్రకారులు కూడా ఆ పొరని చచ్చిన రంగు అనే అర్థం వచ్చే మాటతోనే పిలిచేవారు. అది చెబితే అమ్మ ఇంకా కంగారుపడింది. తర్వాత గొంతు తగ్గించి, "పూర్తయ్యేటప్పటికి కాస్త తెల్లగా వెయ్యమ్మా, ఎలాగూ నీ చేతిలో పనే కదా" అంది.

నా చేతిలో పనే. కానీ పుస్తకాలు కూడా అమ్మ పక్షమే. 1400 ప్రాంతంలో ఇటలీలో చెన్నీనో చెన్నీని రాసిన చేతిపుస్తకంలో ముఖం కింద ఆకుపచ్చ మట్టిరంగు వేసి, పైన గులాబీ రంగులు వెయ్యమని ఉంటుంది. గుడ్డు సొనతో రంగు కలిపేటప్పుడు పడుచు ముఖాలకి పట్నం కోడి గుడ్డు వాడమంటాడు, దాని సొన పాలిపోయి ఉంటుంది కాబట్టి. పల్లెటూరి కోడి గుడ్డు సొన ఎర్రన, అది ముసలివాళ్ళకీ, నల్లటివాళ్ళకీ సరిపోతుందట. మనకి దక్కింది ఆ ఒక్క ముక్క.

మన దగ్గర రవివర్మ ఉన్నాడుగా అనుకుంటాం. తిరువనంతపురం కోటకి బొమ్మలు వెయ్యడానికొచ్చిన థియోడోర్ జెన్సన్, తను వేస్తుంటే చూడనిచ్చాడే గాని నేర్పలేదంటారు. చూసి చూసి నేర్చుకున్న ఆ మహానుభావుడు 1894లో ప్రెస్సు పెట్టాక ఆయన లక్ష్మీ సరస్వతులు ఇంటింటి గోడలకీ ఎక్కారు. అందరూ పచ్చగా మెరిసిపోతుంటారు. నల్లటి ముఖాన్ని ముఖంలా చూసిన బొమ్మలు కావాలంటే అమృతా షేర్‌గిల్ 1937లో వేసిన దక్షిణాది చిత్రాల దాకా రావాలి.

నాకు దారి దొరికింది అబుదాబి లూవ్ర్‌లో. షార్జా నుంచి దాదాపు రెండు గంటల ప్రయాణం, పద్ధెనిమిదేళ్ళ లోపు పిల్లలకి టికెట్ లేదు. అక్కడ రెంబ్రాంట్ వేసిన ఒక యువకుడి తల ఉంది, క్రీస్తు బొమ్మ కోసం వేసుకున్నది. ఏ ఫోర్ కాగితం కంటే చిన్న చెక్క మీద. ఆమ్‌స్టర్‌డామ్‌లో తన పేటలో ఉండే యూదు కుర్రాణ్ణి చూసి వేశాడంటారు. పాప గోపురం కింద వెలుగు చుక్కల వెంట తిరుగుతానని గొడవ చేస్తుంటే, మా వారికి అప్పజెప్పి అరగంట దాని ముందే నిలబడ్డాను. అందులో గులాబీ లేదు. అంతా మట్టి: అంబర్, ఓకర్, సియెనా. నీడల్లో రంగు పల్చన, వెలుగు పడిన చోట మందం.

అంటే అమ్మకి ఆకుపచ్చ పొర అవసరమే లేదు. కింద అంబర్, దాని మీద కాల్చిన సియెనా పల్చగా. ఇంకో సంగతి ఫిజిక్స్‌లో ఉంది. చర్మం పైపొర నుంచి తళుక్కున తిరిగొచ్చే వెలుగు తెలుపుకైనా నలుపుకైనా ఇంచుమించు ఒకటే. నల్లటి బుగ్గ మీద అది ఎక్కువ కనబడుతుంది, చుట్టూ ముదురు కాబట్టి. అమ్మ చెంప మీద కిటికీ వెలుగు కాస్త నీలంగా పడుతుంది. కిందటి సెలవుల్లో రాజమండ్రిలో రెండు పూటలు కూర్చోబెట్టి రాసుకున్నాను.

ఆ రెంబ్రాంట్ బొమ్మ ఫోన్లో చూపిస్తే, "మన వీర్రాజు మావయ్యలా ఉన్నాడే" అంది అమ్మ. తెల్లగా వెయ్యమని మళ్ళీ అడగలేదు. "అయితే ముక్కుపుడక మాత్రం మెరవాలి, అది మా అమ్మది" అంది.

మెరుస్తుంది. ఆ ముదురు రంగు మీద ఒక్క మందపాటి పసుపు తెలుపు చుక్క చాలు. అది అన్నిటికంటే ఆఖరున పెట్టాలి. నిన్ననే చెంప మీద మూడో పొర వేశాను, వేలు పెట్టి చూస్తే ఇంకా అంటుకుంటోంది.