ఒరగని బండి

రెండు చక్రాల బండి మలుపులో ఒరుగుతుంది. అది నడిపేవాడి షోకు కాదు. కిందికి లాగే బరువూ, బయటికి నెట్టే బలమూ కలిసి ఏ వాలులో వస్తే బండీ ఆ వాలులోకే వెళ్తుంది. ఆ భారం చక్రాల మధ్యగా నేలలోకి దిగిపోతుంది, ఫ్రేముకు పక్కనుంచి పెద్ద బాధ ఉండదు. అదే బండికి వెనక చక్రం పీకి రెండు బిగిస్తే ఇక ఒరగడం పోయింది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో 30 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తిరిగితే, మనిషితో కలిపి 450 కిలోలుండే బండిని సుమారు 190 కిలోల బలంతో పక్కకు తోసినట్టు. ఆ తోపుడంతా ఇప్పుడు ఫ్రేమే కాయాలి. దాన్ని కట్టినవాళ్ళు ఆ పని కోసం కట్టలేదు.

ఇదంతా నాకెందుకంటే, సౌత్ ఈస్టర్న్ రైల్వేలో ఇరుసుల పరీక్ష దగ్గరే నా ఉద్యోగం గడిచింది. మా నాన్న బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పలాస వైపు నుంచి ఇక్కడికి, కలకత్తాకు, వచ్చాడు. ఆ పేరు పోయి 1955లో ఇప్పటి పేరొచ్చినా ఆఫీసు గార్డెన్ రీచ్‌లోనే ఉండిపోయింది, మేమూ ఉండిపోయాం. రిటైరై ఇన్నాళ్ళయినా బీట అన్న మాట వింటే కూర్చున్నవాణ్ణి లేస్తాను.

మా కాలనీలో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడొకడున్నాడు. కుర్రాడంటున్నాను గానీ నలభై దాటాడు. ఎడమ కాలికి చిన్నప్పుడే పోలియో. ఊళ్ళు తిరగాలని మహా పిచ్చి. పెద్ద ఇంజను ఉన్న టూరింగ్ బండి కొని, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ తీయించి, ఇరుసు పెట్టించి రెండు కారు చక్రాలు వేయించాడు. దాని మీద పూరీ వెళ్ళొచ్చాడు. మళ్ళీ ప్రయాణానికి సామాను కడుతుంటే నేను చూశాను: సీటు కింద రంగు వెంట్రుకంత గీతగా చిట్లి, దాంట్లోంచి తుప్పు కారిన మరక.

“రంగు లేచిందంతే బాబాయ్” అన్నాడు.

రంగు లేస్తే పెచ్చుగా లేస్తుంది, అలా ఒక్క గీత మీద చిట్లదు. వర్క్‌షాపులో చేసినట్టే శుభ్రంగా తుడిచి, ఎర్ర ద్రవం పూసి, కాసేపాగి మళ్ళీ తుడిచి తెల్ల పొడి కొట్టాను. లోపల దాగిన ఎరుపు పైకి పీల్చుకుని గీతంతా కనబడింది. ఇరుసు బ్రాకెట్టు ఫ్రేముకు అతికిన చోట, సరిగ్గా వెల్డింగు అంచున.

గార్డెన్ రీచ్‌లో వెల్డర్లకు కరువా! స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి యుద్ధనౌక, ఐఎన్‌ఎస్ అజయ్, 1961లో ఈ ఒడ్డునుంచే వెళ్ళింది. షిప్‌యార్డులో చేసి దిగిపోయిన ఒక మిస్త్రీ మటియాబుర్జులో ఉన్నాడు, వాడవాడంతా చాచా అంటారు. ఆయన బండి కింద పడుకుని చూసి లేచాడు. “దీన్ని పది నిమిషాల్లో అతుకుతాను. తర్వాతి బీట ఎక్కడ రావాలో మీరే చెప్పండి” అన్నాడు.

నాకు ఆ మాట చాలా నచ్చింది. బీటను అతకడం కాదు, అదెందుకు పుట్టిందో తెలియాలి. 1842లో వెర్సాయ్ దగ్గర రైలింజను ఇరుసు విరిగి ఎందరో చనిపోయాక, ఇనుము ఒక్క దెబ్బకే విరగనక్కర్లేదనీ, మోయగలిగిన బరువే లక్షల సార్లు పడితే అలిసి విరుగుతుందనీ తేలడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. జర్మనీలో వోలర్ అనే రైల్వే ఇంజనీరు ఇరుసుల్ని ఏళ్ళ తరబడి తిప్పి తిప్పి విరగ్గొట్టి నిరూపించాడు. ఓడలవాళ్ళకు బీటల పాఠం వేరే దారిలో వచ్చింది. 1943 జనవరిలో అమెరికా పోర్ట్‌లాండ్ రేవులో కదలకుండా నిలిపిన షెనెక్టడీ అనే కొత్త ట్యాంకరు నడుముకు విరిగింది. రివెట్లు కొట్టిన రోజుల్లో ఒక రేకులో పుట్టిన బీట ఆ రేకు అంచున ఆగేది. వెల్డింగు ఓడంతటినీ ఒకే రేకు చేసింది, బీటకు అడ్డే లేదు.

మా వాడి బండికి అలుపు రెండు వైపుల నుంచి. మలుపులు సరే, మరొకటి మన రోడ్లు. ఖిదిర్‌పూర్ డాకుకు పోయే కంటెయినర్ ట్రెయిలర్లు సర్క్యులర్ గార్డెన్ రీచ్ రోడ్డును ఏం చేశాయో ఇక్కడున్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఒంటి చక్రం గుంటలో పడితే దెబ్బ నడిమధ్యకు తగులుతుంది. రెండింటిలో ఒకటే పడితే ఫ్రేమును బట్ట పిండినట్టు పిండుతుంది.

మూడు చక్రాల విద్య మనకు కొత్తదేం కాదు. యుద్ధకాలపు హార్లే బళ్ళతో చేసిన ఫట్‌ఫటియాలు 1998లో నిషేధం వచ్చేదాకా ఢిల్లీలో జనాన్ని మోశాయి. అమెరికాలో కాళ్ళు సహకరించని పెద్దవాళ్ళు హోండా గోల్డ్‌వింగ్‌కు ఇలాగే చక్రాలు చేర్పిస్తారు. 2001 నుంచి దాని ఫ్రేము అల్యూమినియం. ఇనుముకు ఒక హద్దుంది, బరువు దానికి లోబడితే ఎన్నిసార్లు పడినా అలవదు. అల్యూమినియానికి ఆ దయ లేదు. ఆ మోడల్ తొలి బళ్ళను, రెండు చక్రాల మీదున్నవాటినే, ఫ్రేము వెల్డింగులో బీటల కోసం కంపెనీ వెనక్కి పిలిచింది. హార్లే మాత్రం 2009 మోడల్‌గా ట్రై గ్లైడ్ తెచ్చినప్పుడు దాని ఫ్రేమును మూడు చక్రాల కోసమే కట్టింది. సరైన దారి అదే, కాని అది మా వాడి జీతానికి అందేది కాదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే అంది. అదే ఏడు మోటారు వాహనాల చట్టానికి వచ్చిన సవరణ, వైకల్యం ఉన్నవాళ్ళ కోసం మార్చిన బండికి విడిగా నిర్వచనం చేర్చింది. మంచిదే. మా వాడి కాగితాల్లో అన్నీ సక్రమంగా ఉన్నాయి, బ్రాకెట్టు గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. వికలాంగుడి బండికి అనుమతిచ్చేవాళ్ళు ఆ అతుకు మోస్తుందా అని కూడా చూడాలని నా గొడవ.

చాచా బీట రెండు కొసలా సన్నని రంధ్రాలు వేశాడు, అది ఇంకా పాకకుండా. గాడి తీసి నింపాడు. తర్వాతే అసలు పని: హ్యాండిల్ మెడ కింద నుంచి ఇరుసుదాకా రెండు వైపులా పైపులు దించి, తోపుడంతా ఒక్క బ్రాకెట్టు మీద పడకుండా పంచాడు. అతుకుల దగ్గర వేసిన పలకల కొసల్ని మొండిగా వదలక సన్నగా చెక్కాడు. పైన రంగు మాత్రం వేయనివ్వలేదు, తెల్ల ప్రైమరు చాలన్నాడు. తెలుపు మీదైతే మళ్ళీ తుప్పు గీత పడితే దాగదు.

“పూరీ ఎప్పుడు వెళ్ళొచ్చు చాచా?” అన్నాడు మా వాడు ఆశగా.

“ముందు డైమండ్ హార్బర్ వెళ్ళి రా. వచ్చి బండి ఇక్కడ నిలబెట్టు, మీ బాబాయికి ఆ ఎర్ర సీసా తెమ్మని చెప్పు.”