కోదాడ నుండి సూర్యాపేటకు

మిర్యాలగూడలో బియ్యపు మిల్లుల నడుమ కాపురముండు మాకు ఊకపొగ వాసనయే మేలుకొలుపు. గత మాఘమాసమున దానిని విడిచి కోదాడలోని మా అక్కగారి యింటికి బయలుదేరితిమి. నేరేడుచర్ల, హుజూర్‌నగరము దాటువరకు సాగరు ఎడమకాలువ నీట యాసంగి నాట్లు పచ్చగా కన్నులపండువు చేసెను గాని, మా మనస్సు అక్కగారి మనుమని పైననే యుండెను. ఎనిమిదేండ్ల పసివాడు, రెండేండ్లుగా మూర్ఛ వచ్చుచున్నది.

రాత్రి భోజనములైన పిదప అక్కగారు దేవుని గూటినుండి యొక చిన్న సీసా తెచ్చిరి. తెలిసినవా రెవరో తెప్పించి యిచ్చిరట. గంజాయి మొక్కనుండి తీసిన నూనె, మత్తుండదు, ఇది పడినచో మాత్రలు మానవచ్చునని చెప్పిరట.

“మన పెద్దలు దీనిని విజయ యనిరి గదా, చెల్లీ! నీవు చదివినదానవు, చెప్పుము.”

నిఘంటువులలో విజయ యనగా కరక్కాయయు నగును. పేరునుబట్టి మందును నమ్మరాదని మాత్రమే మాకు తోచెను. ఇంతలో అక్కగారు మెల్లగా, “రెండు దినములనుండి రాత్రిమాత్ర మానిపించితిని” అనిరి. ఆ రాత్రి మాకు నిదురలేదు.

తెల్లవారగనే బిడ్డతో సూర్యాపేట బస్సెక్కితిమి. హైదరాబాదు–విజయవాడ బాటయది, గంజాయి మూటలు పోవు బాట యనియు దానికి పేరు. పట్టణము సమీపించుచుండగా పోలీసులు బస్సు నాపి సంచులు వెదకిరి. అక్కగారి చేయి మా చేతిలో చల్లబడెను. మా సంచి వంక వారు చూడనే లేదు.

వైద్యులు ముందుగా మాత్ర వేయించిరి. “మూర్ఛమందు హఠాత్తుగా మానినచో ఆగని మూర్ఛ వచ్చి ప్రాణము మీదికి తెచ్చును” అనిరి. తరువాత సీసా చేతబట్టి ఓపికగా చెప్పిరి. ఆ మొక్కలో మత్తు గొల్పునది వేరు. కెన్నబిడయాలు మత్తు గొల్పదు. ఇది కల్ల కాదు. శుద్ధిచేసిన కెన్నబిడయాలును 2018లో అమెరికాలో డ్రావే, లెన్నాక్స్–గాస్టో అను రెండు కఠినమైన బాల్యపు మూర్ఛలకు అనుమతించిరి. 2020లో మరియొక దానికిని. పరీక్షలలో దానిని పాత మందులకు తోడుగానే యిచ్చిరి గాని బదులుగా గాదు. బిడ్డ తూకమునుబట్టి మోతాదు. మగత, విరేచనములు, ఆకలిమాంద్యము కలుగవచ్చును. వాల్ప్రోయేటు వాడువారికి కాలేయము చెడు భయము హెచ్చు గనుక రక్తపరీక్షలు తప్పవు.

సోదరీమణులారా, మా బిడ్డ మ్రింగుచున్నది ఆ వాల్ప్రోయేటే!

“నూనె మంచిదైనచో?” అని అక్కగారు విడువక యడిగిరి. 2017లో అమెరికాలో అంగడి సరుకులు 84 పరీక్షింపగా, చీటిపై వ్రాసినంత కెన్నబిడయాలున్నవి మూడింట నొకవంతునకు లోపే. 18 యింటిలో మత్తు పదార్థమును కనబడెనట. “ఈ సీసాలో నేమున్నదో నాకును తెలియదమ్మా” అని వైద్యులు దానిని బల్లపై నుంచిరి. వీనిది ఆ రెండు మూర్ఛలలోనిది కాదనియు, మాత్రతోనే అదుపులో నున్నదనియు చెప్పిరి. మూర్ఛ వచ్చినపుడు చేతిలో తాళపుచెవి పెట్టుట మాని, ప్రక్కకు పరుండబెట్టి, నోట నేమియు పెట్టవలదనిరి. ఆ తాళపుచెవి మా అత్తగారి యింటను ఉండెడిది.

సీసాను అక్కగారు తిరిగి అడుగలేదు.

పొద్దు మిగిలియున్నందున పిల్లలమర్రికి పోయితిమి. కాకతీయులనాటి ఎరకేశ్వరాలయపు నల్లరాతి స్తంభములు అద్దములవలె మెరయుచుండగా, పిల్లవాడు తన నీడను చూచుకొని నవ్వుచు స్తంభమునుండి స్తంభమునకు పరుగిడెను. దీపాలవేళ బస్సు నిలుచు చోట అక్కగారు కొంగుముడి విప్పి మాత్ర తీసి, నీళ్లు పట్టించి, నోరు తెరువుమని నాలుక క్రింద గూడ చూచిరి.