సరదాకి కొన్న పెద్ద కెమెరా

లెన్సు విప్పి మార్చుకునే డిజిటల్ కెమెరా 2003 దాకా మధ్యతరగతి ఇంటి వస్తువు కాదు. పత్రికాఫీసులు, పెద్ద స్టూడియోలు, బాగా ఉన్నవాళ్ళు మాత్రమే కొనేవారు. ఆ ఏడాది క్యానన్ సంస్థ ఈఓఎస్ 300డి అనే మోడల్‌ను అమెరికాలో వెయ్యి డాలర్ల లోపు ధరకే అమ్మకానికి పెట్టింది. మరుసటి ఏడాది నికాన్ డి70తో పోటీకి దిగింది. అక్కడి నుంచి కొనేవాళ్ళ వరస మారింది. బ్యాంకు ఉద్యోగులు, ఇంజనీరింగ్ కుర్రాళ్ళు, మనవరాలి ఆటపాటలు ఫొటోల్లో దాచుకోవాలనుకునే రిటైర్డ్ హెడ్మాస్టర్లు డీఎస్ఎల్ఆర్ అనే ఈ పెద్ద కెమెరా మెడలో వేసుకుని బయల్దేరారు. వాళ్ళ వెనకాలే వ్యాఖ్యానాలూ బయల్దేరాయి.

తెలుగునాట ఈ మోజుకు ఊపు వచ్చింది 2008 తర్వాత. ఆ ఏడాదే నికాన్ డి90, క్యానన్ 5డి మార్క్ 2 విడుదలై, ఫొటోలు తీసే కెమెరాతోనే మంచి వీడియో కూడా తీయవచ్చని చూపించాయి. 2011లో రాంగోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ సినిమాను 5డి కెమెరాలతో ఐదు రోజుల్లో తీసేసరికి, ‘ఫైవ్ డీ’ అనే మాట ఫొటోగ్రఫీతో సంబంధం లేనివాళ్ళకీ తెలిసిపోయింది. షార్ట్ ఫిల్ముల వెల్లువ వచ్చింది. సాఫ్ట్‌వేర్ జీతాలు, వాయిదాల మీద కొనే వీలు తోడై, ఎన్నో ఇళ్ళ బీరువాల్లోకి, కెమెరాతో పాటే వచ్చే 18-55 కిట్ లెన్సుతో సహా ఒక నల్ల సంచీ చేరింది.

ఇలా కొనేవాళ్ళకు మొదటి పరీక్ష షాపులోనే ఎదురవుతుంది. “పెళ్ళిళ్ళకా సార్, యూట్యూబ్‌కా?” అన్నది కౌంటరు వెనక నుంచి వచ్చే మామూలు ప్రశ్న. రెండూ కాదు, ఊరికే ఇష్టం కొద్దీ అంటే అమ్మేవాడు రెండు దారుల్లో ఒకటి పడతాడు. అయితే అన్నిటికన్నా చవకది ముందు పెట్టి ఇది చాల్లెండి అంటాడు, లేదా ఇతనికి ధర పట్టింపు లేదని లెక్కేసి లక్షన్నర సరుకు బయటికి తీస్తాడు. ఏం తీయాలనుకుంటున్నారని అడిగేవాడు అరుదు. కొనేది ఆడమనిషి అయితే మరీ విచిత్రం. ప్రశ్న ఆమె వేస్తుంది, జవాబు పక్కన నిలబడ్డ తమ్ముడికో భర్తకో చేరుతుంది.

ఇంట్లో ప్రశ్న వేరు. “ఫోన్లో రావట్లేదా?” అంటారు. ఆ డబ్బు పెట్టి బంగారం కొన్నా మిగిలేది అనే మాట దాని వెంటే వస్తుంది. ఇదే ఇల్లు ఆర్నెల్లు తిరక్కుండా ఆ కెమెరాను ఉమ్మడి ఆస్తి చేసేస్తుంది. ఎవరింట్లో బారసాల అయినా, ఓణీల ఫంక్షన్ అయినా “నువ్వెలాగూ కెమెరా తెస్తావుగా” అనే పిలుపు ఖాయం. భోజనాల బంతిలో ఆఖరున కూర్చునేది కెమెరా ఉన్నవాడే. ఆ ఫంక్షన్ ఫొటోలు నాలుగు వందలున్నా ఒక్కదానిలో కూడా అతను కనిపించడు. ఫొటోలు పంపడం రెండు రోజులు ఆలస్యమైతే నిష్ఠూరం కూడా పడాలి. బాగా వస్తే మాత్రం, “మీ కెమెరా చాలా మంచి ఫొటోలు తీస్తుందండీ” అంటారు. వంట బాగుంటే గిన్నెను మెచ్చుకునేవాళ్ళు ఎక్కడా ఉండరు గానీ, ఈ మెచ్చుకోలు మాత్రం నిండు మనసుతోనే వస్తుంది.

అసలు గొడవ పెళ్ళి మండపంలో. అక్కడ డబ్బులిచ్చి పెట్టుకున్న ఫొటోగ్రాఫర్ ఉంటాడు, అతని సహాయకులుంటారు, లైట్లుంటాయి. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి పెళ్ళికూతురు బాబాయి ఒకాయన, ఫొటోగ్రాఫర్ చేతిలో ఉన్నదానికంటే కొత్త మోడల్ పట్టుకుని అతని భుజం పక్కకొచ్చి నిలబడతాడు. తలంబ్రాల దగ్గర పెళ్ళికూతురు నవ్వుతూ తలెత్తేది ఒక్క క్షణం. ఆ క్షణంలో ఆమె చూపు బాబాయి లెన్సు వైపు తిరిగిందంటే ఆల్బమ్‌లో ముఖ్యమైన పేజీ పోయినట్టే. అప్పుడు ఫొటోగ్రాఫర్ ముఖంలో కనిపించే చిరాకును అసూయ అనుకోవడం పొరపాటు. బాబాయి ఫొటో పాడైతే మళ్ళీ ఇంకో పెళ్ళి. ఇతని ఫొటో పాడైతే మిగతా డబ్బు చేతికి రాదు. పైగా “మా వాడి దగ్గరా అలాంటి కెమెరానే ఉంది, మీ రేటేమిటి ఇంత” అని బేరమాడే పెద్దమనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. కెమెరా అందరికీ దొరికేకొద్దీ తన పనితనానికి విలువ తగ్గుతుందన్న భయం అతనిది. ఆ భయంలో న్యాయం ఉంది. కోపం మాత్రం బేరమాడిన పెద్దమనిషి మీద చూపలేక బాబాయి మీద చూపిస్తాడు.

తోటి అభిరుచిపరుల ఎగతాళికి ఇలాంటి బతుకుతెరువు సాకు కూడా లేదు. ఆదివారం తెల్లవారుజామున చార్మినార్ చుట్టుపక్కల ఫొటోవాక్‌కి కొత్తగా వచ్చిన మనిషిని పాతకాపులు ముందు చూడరు, లెన్సు చూస్తారు. క్యానన్ ఖరీదైన లెన్సుల అంచున ఎర్ర గీత ఒకటి చుట్టూ ఉంటుంది. ఆ గీత కనబడిందా, వెంటనే చూపు కెమెరా పైనున్న డయల్ మీదికి పోతుంది. అది ఆకుపచ్చ ఆటో గుర్తు మీద ఉంటే కోతికి కొబ్బరికాయ దొరికినట్టే లెక్క. మాన్యువల్‌లో తీయనిది ఫొటోయే కాదన్నది వీళ్ళ సిద్ధాంతం. నిజానికి రోజూ ఫొటోలు తీసి బతికేవాళ్ళలో చాలామంది అపెర్చర్ (లెన్సు ఎంత తెరుచుకోవాలన్నది) ఒక్కటి తాము ఎంచుకుని మిగతాది కెమెరాకే వదిలేస్తారు. వాళ్ళకు వేళకు పని కావాలి, పరువు తర్వాత.

కావలివాళ్ళ లెక్క ఇంకా సులువు. పార్కు గేటు దగ్గర ఫోన్ పట్టుకున్న పదిమంది దర్జాగా లోపలికి పోతారు, పెద్ద లెన్సున్న ఒక్కణ్ణి ఆపుతారు. క్రికెట్ స్టేడియంలోనూ అంతే. పురావస్తు శాఖ కట్టడాల్లో మామూలు ఫొటోలకు సాధారణంగా అభ్యంతరం ఉండదు, స్టాండు వేయాలంటే ముందుగా అనుమతి కావాలి. ఈ తేడా తెలియని చోట కెమెరా సైజు చూసి “షూటింగా?” అని అడుగుతారు. వృత్తివాళ్ళు నువ్వు మావాడివి కాదు పొమ్మంటే, కావలివాళ్ళు వృత్తివాడివే అని ఆపడం ఈ సరదాలోని చిత్రమైన చిక్కు.

ఈ చిన్నచూపు డిజిటల్‌తో పుట్టింది కాదు. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరాను 25 డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. అందులో నూరు ఫొటోలకు సరిపడా ఫిల్మ్ ముందే చుట్టి ఉండేది. అయిపోయాక కెమెరాను అలాగే రాచెస్టర్‌లోని ఫ్యాక్టరీకి పంపితే, ఫొటోలు కడిగి, కొత్త ఫిల్మ్ వేసి తిరిగి పంపేవారు. రసాయనాలతో చేతులు నల్లబడకుండా ఎవరైనా ఫొటో తీసేయవచ్చు అనగానే, అప్పటిదాకా గాజుపలకలతో కుస్తీ పట్టినవాళ్ళకు ఒళ్ళు మండింది. వీళ్ళవి బటన్ నొక్కే చేతులే గానీ కళ తెలిసిన చేతులు కావన్నారు. విశేషమేమిటంటే, కళాత్మక ఫొటోగ్రఫీకి పెద్ద దిక్కుగా నిలిచిన ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ తన ప్రసిద్ధమైన న్యూయార్క్ మంచు దృశ్యాన్ని 1893లో తీసింది చేతిలో పట్టే చిన్న కెమెరాతోనే. అదీ అరువు తెచ్చింది. 1925లో లైకా వచ్చినప్పుడూ, అంత చిన్న ఫిల్మ్ మీద పనేమిటని చాలామంది దాన్ని ఆటబొమ్మ కింద తీసేశారు.

సరదాకి కెమెరా పట్టి చరిత్రలో మిగిలినవాళ్ళూ ఉన్నారు. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ క్యామెరన్‌కు 48వ ఏట, 1863లో, కూతురూ అల్లుడూ ఒక కెమెరా కానుకగా ఇచ్చారు, పొద్దుపోవడానికి పనికొస్తుందని. ఫోకస్ కుదరని ఫొటోలంటూ ఆనాటి ఫొటోగ్రఫీ పత్రికలు ఆమెను దులిపేశాయి. అయినా డార్విన్, టెన్నిసన్ ముఖాలు ఇవాళ మనకు గుర్తున్న తీరులో ఆమె ఫొటోలకు పెద్ద వాటా ఉంది. అమెరికాలో పిల్లల ఆయాగా బతికిన వివియన్ మేయర్ అప్పట్లో ఖరీదైన రోలీఫ్లెక్స్ కెమెరా మెడలో వేసుకుని వీధులు తిరిగింది. ఆమె తీసినవి 2007లో షికాగో వేలంలో బయటపడేదాకా లోకానికి తెలియవు.

అంత దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ చరిత్రకు కళ్ళు ఇచ్చిన లాలా దీన్ దయాళ్ మొదట ఇందోర్‌లో పీడబ్ల్యూడీ ఉద్యోగి. 1870లలో ఉద్యోగం చేసుకుంటూనే ఫొటోగ్రఫీ పట్టుకున్నాడు. ఆ తర్వాతే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువూ, సికింద్రాబాద్ స్టూడియో, రాజా బిరుదూ వచ్చాయి. కెమెరా కొన్న ప్రతి గుమాస్తా దీన్ దయాళ్ అవుతాడని కాదు. ఎవరు అవుతారో మొదటి రోజు డయల్ చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇక తెలియనివాడికి అంత కెమెరా ఎందుకన్న ప్రశ్న. ఇది వినడానికి గట్టిగా ఉంటుంది గానీ, కెమెరా పనిచేసే తీరు తెలిస్తే తలకిందులవుతుంది. బతుకమ్మ ఆడుతున్న సాయంత్రాన్ని తీసుకోండి. పొద్దు వాలింది, వెలుగు తక్కువ, వలయం తిరుగుతోంది, చేతులు చప్పట్లకు లేస్తున్నాయి. ఆ చేతులు చెదరకుండా రావాలంటే షట్టర్ సెకనులో రెండు వందలవ వంతుకు మించి తెరిచి ఉండకూడదు. అంత తక్కువ సమయంలో సరిపడా వెలుగు పట్టాలంటే సెన్సర్ పెద్దదై ఉండాలి. ఫోన్లలో పెద్దదని చెప్పుకునే ‘ఒక అంగుళం’ సెన్సరే 13.2 × 8.8 మిల్లీమీటర్లు. పెద్ద కెమెరాల్లో ఉండే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 × 24 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యంలో ఏడు రెట్లకు పైనే. ఫోన్ ఈ లోటును వరసగా నాలుగైదు ఫొటోలు తీసి, ఒకదానిలో ఒకటి కలిపి పూడ్చుకుంటుంది. కదలని గోపురానికి అది చక్కగా కుదురుతుంది, కదిలే చేతుల దగ్గర అలుక్కుపోతుంది. చేయి తిరిగినవాడు పాత కెమెరాతోనైనా లయ పట్టి, చప్పట్లు కలిసిన క్షణంలో నొక్కి నెట్టుకొస్తాడు. ఆ ఒడుపు ఇంకా పట్టుబడని తండ్రికే, వలయంలో ఉన్న కూతురి కన్నును తనంత తాను వెతికి పట్టుకునే కొత్తరకం మిర్రర్‌లెస్ కెమెరా ఎక్కువ అక్కరకొస్తుంది. పనితనం తక్కువైన చోటే పనిముట్టు ఎక్కువ ఆదుకుంటుంది.

కొల్లేరు ఒడ్డున ఆటపాక దగ్గర గూడబాతులను తీసేవాళ్ళ అనుభవం కూడా ఇదే. రెక్క విప్పి లేచే పక్షి మీద ఫోకస్ నిలపడానికి ఒకప్పుడు ఏళ్ళ సాధన కావాల్సి వచ్చేది. పక్షి కన్నును గుర్తించే కెమెరాలు 2020 నుంచి బజారులో ఉన్నాయి. ఏళ్ళు పోసి నేర్చుకున్న విద్య కొత్తవాడికి కొనుక్కుంటే దొరికిందని పాతవాళ్ళు నొచ్చుకోవడం సహజమే. అయితే వాళ్ళూ అవే కొంటున్నారు.

తప్పుపట్టే చోట్లు లేకపోలేదు. రెండు లక్షలు బాడీకి పోసి, లెన్సు దగ్గరికొచ్చేసరికి పిసినారితనం చూపడం కొత్తవాళ్ళలో తరచూ కనిపించే పొరపాటు. కిట్ లెన్సుతో పోలిస్తే, పదివేల చుట్టూ దొరికే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు అదే 50 ఎంఎం దగ్గర తొమ్మిది పదింతల వెలుగు లోపలికి రానిస్తుంది. 40 వేల కెమెరాకు అది తగిలిస్తే ఇంట్లో ఫంక్షన్లకు ఢోకా లేదు. మరికొందరు ఫొటో కోసం గూడు దగ్గరికి పోయి తల్లిపక్షిని లేపుతారు, పురోహితుడికి అడ్డంగా మండపం ఎక్కుతారు. వీళ్ళను తిట్టాల్సిందే. తిట్టాల్సింది ఆ ప్రవర్తనను. ఫోన్ పట్టుకున్నవాళ్ళు కూడా ఇందులో తక్కువ తినలేదు.

ఫోన్ల దెబ్బకి కెమెరాల వ్యాపారమే చిక్కిపోయింది. జపాన్ తయారీదారుల సంఘం లెక్కల్లో 2010లో 12 కోట్లు దాటిన డిజిటల్ కెమెరాల సరఫరా, 2023 నాటికి 80 లక్షల లోపుకు పడిపోయింది. జేబులో మంచి ఫోన్ ఉండి కూడా ఇవాళ కిలో బరువు మెడకు తగిలించుకునేవాడు గొప్పకు కొన్నాడనడం తేలిక. గొప్పకైతే ఆ డబ్బుతో ఫోనే కొనేవాడు, అది నలుగురూ రోజూ చూస్తారు.

మోజు తీరి బీరువాలో పెట్టినవాళ్ళ మీద మరీ నవ్వక్కర్లేదు. చాలా మోడళ్ళ షట్టర్లను లక్ష, లక్షన్నర నొక్కుళ్ళకు తట్టుకునేలా చేస్తారు. సరదాకి కొన్నవాడి కెమెరా ఐదారు వేల దగ్గరే ఆగి ఓఎల్ఎక్స్‌లోకి వస్తుంది. షార్ట్ ఫిల్మ్ తీయాలనుకునే విద్యార్థికో, మండల కేంద్రంలో స్టూడియో పెట్టబోయే కుర్రాడికో సగం ధరకు దాదాపు కొత్త సరుకు దొరుకుతుంది. ముఖ్యంగా చూసుకోవాల్సింది బూజు. కోస్తా జిల్లాల తేమలో సంచీలో మూసిపెట్టిన లెన్సు లోపల సాలెగూడులాంటి ఫంగస్ పడుతుంది. అమ్మేదాకా ఉంచదలచినవాళ్ళు గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టాలి, నెలకోసారైనా బయటికి తీసి గాలి తగలనివ్వాలి. కొనేవాళ్ళు షట్టర్ ఎన్నిసార్లు నొక్కారో అడిగాక, లెన్సు రెండు మూతలూ తీసి, వెనక నుంచి టార్చి వేసి చూసి మరీ డబ్బు ఇవ్వాలి.