ఇంతకీ సున్నం ఎక్కడేశావ్?

మాది దుగ్గిరాల, పసుపు యార్డు ఉన్న ఊరు. అందుకే సెమినార్‌కి ఎవరికి నచ్చిన మాలిక్యూల్ మీద వాళ్ళు యానిమేషన్ చేసుకురమ్మంటే, నేను నోరు తెరవకముందే క్లాసంతా నా టాపిక్ చెప్పేసింది. కర్కుమిన్. పసుపుకి ఆ రంగునిచ్చేది అదే.

నేను చూపిద్దామనుకున్నది చిన్న సంగతి. పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎర్రబడతాయి. దిష్టి తీసే ఎర్రనీళ్ళు మనందరి ఇళ్ళల్లో చూసినవే. ఆ ఎరుపు ఎక్కడినుంచి వస్తుందో అణువు లోపలికెళ్ళి చూపించాలి, అంతే.

పబ్‌కెమ్‌లో త్రీడీ ఫైల్ దొరికింది. 21 కార్బన్లు, 20 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు. కైమెరాఎక్స్‌లో తెరిచాక నాకున్న పైత్యమంతా దానిమీద చూపించాను. నల్లటి బ్యాక్‌గ్రౌండ్, తళతళలాడే బంతులు, చుట్టూ నీటి అణువుల గుంపు, మధ్యమధ్యలో జూమ్, వెనకాల మ్యూజిక్. అణువు మాత్రం ఆగకుండా గిర్రున తిరుగుతూనే ఉంటుంది. మొత్తం 50 సెకన్లు. మా రూమ్మేట్ చూసి "కేక మావా" అన్నాడు. వాడు మెస్‌లో సాంబారుక్కూడా అదే అంటాడనుకోండి.

సెమినార్ అయ్యాక ముందు బెంచీ నుంచి ఒకమ్మాయి అడిగింది. "ఆ ఎర్ర బంతుల వల్లే నీళ్ళు ఎర్రబడతాయా?"

ఎర్ర బంతులు ఆక్సిజన్లు. కార్బన్‌కి బూడిద రంగు, ఆక్సిజన్‌కి ఎరుపు, హైడ్రోజన్‌కి తెలుపు అని సాఫ్ట్‌వేర్ తనంతట తనే వేసేస్తుంది. కోరీ, పాలింగ్, కోల్టన్‌ల పేరుమీద సీపీకే అంటారు ఆ పద్ధతిని. అది మనం పెట్టుకున్న గుర్తే గానీ పరమాణువుకి రంగేం ఉండదు. ఆ ముక్క నాకు తెలుసు, చూసేవాళ్ళకి తెలియాలని ఎక్కడుంది? రంగు మారడం గురించి చెబుతూ, మొదటి సెకను నుంచీ తెరమీద ఆరు ఎర్ర బంతులు తిప్పినవాణ్ణి నేనే. ఆ అమ్మాయి ప్రశ్నలో తప్పేం లేదు.

పండక్కి ఇంటికెళ్ళినప్పుడు నాయనమ్మకి ఫోన్‌లో చూపించాను. చివరిదాకా ఓపిగ్గా చూసి, "బాగుందిరా. ఇంతకీ సున్నం ఎక్కడేశావ్?" అంది.

నిజంగానే వెయ్యలేదు. 50 సెకన్ల సినిమాలో అసలు జరిగే పని ఒక్క క్షణం, అదీ నీటి అణువుల వెనకాల.

జరిగేది ఇది. కర్కుమిన్‌కి రెండు చివర్లా ఒక్కో ఓహెచ్ ఉంటుంది. నడుమ, రెండు ఆక్సిజన్ల మధ్య ఇంకో హైడ్రోజన్ ఉంటుంది. మామూలుగా ఈ అణువు నీలం కాంతిని పీల్చుకుంటుంది, మనకి పసుపు కనిపిస్తుంది. సున్నం క్షారం కాబట్టి ఆ హైడ్రోజన్లను లాగేసుకుంటుంది. దాంతో ఎలక్ట్రాన్లు అణువంతటా ఇంకా స్వేచ్ఛగా పరుచుకుంటాయి, పీల్చుకునే కాంతి ఆకుపచ్చ వైపు జరుగుతుంది. అప్పుడు ఎరుపు.

రెండోసారి అన్నీ తీసేశాను. తెల్ల బ్యాక్‌గ్రౌండ్. ఆక్సిజన్లతో సహా పరమాణువులన్నీ బూడిద రంగే, పోబోయే మూడు హైడ్రోజన్లు మాత్రం ముదురు నీలం. తిరగడం ఆపేశాను. లోతు తెలియడానికి అటూ ఇటూ కొంచెం ఊగుతుంది, హైడ్రోజన్లు పోయే ముందు అదీ ఆగుతుంది. చూసేవాడి కళ్ళు ఒకేసారి రెండు కదలికల్ని పట్టుకోలేవు. ఆ మూడింటిలో ఏది ముందు పోతుందన్న దానిమీద పేపర్లది తలో మాట. ఒకదాని తర్వాత ఒకటి రాలిపడితే చూడ్డానికి బాగుండేది, కానీ తెలియని వరస చూపించినట్టవుతుంది. అందుకే మూడూ కలిసే మాయమవుతాయి. అణువుకి ఎరుపు పులమలేదు. పక్కనే చిన్న కిటికీలో నాయనమ్మ పళ్ళెం పెట్టాను, ఆవిడ వేలితో సున్నం కలుపుతుంటే నీళ్ళు ఎర్రబడతాయి. మొత్తం 12 సెకన్లు. మ్యూజిక్ లేదు.

చివర్లో నిమ్మకాయ పిండితే రంగు వెనక్కి వస్తుంది కదా, క్లిప్‌ని రివర్స్‌లో తిప్పేస్తే ఇంకో 12 సెకన్లు ఊరికే వచ్చేస్తాయనుకున్నా. పళ్ళెం అరగంట అలా వదిలేసి తర్వాత నిమ్మరసం పిండి చూశాం. పసుపొచ్చింది గానీ ముందున్నంత రాలేదు. క్షారంలో ఉన్నంతసేపూ కర్కుమిన్ విరిగిపోతూనే ఉంటుంది. విరిగింది నిమ్మరసానికి అతకదు. రివర్స్ క్లిప్ డిలీట్ చేశాను.